సైకిలు వెనక అంబాసిడర్

మొన్న నా స్కూటీకి సీ బుక్కు బదులు చిన్న ప్లాస్టిక్ కార్డు చేతిలో పెట్టారు. అటూ ఇటూ తిప్పి చూశాను. బండి ఎవరిదో చెప్పే పుస్తకం కాస్తా పేకముక్కంత అయిపోయింది. కుంకం బొట్టు పెడదామన్నా దానిమీద నిలవదు. దీనికోసమేనా ఒకప్పుడు కోనసీమంతా తిరిగాం అనుకుంటే నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే అమలాపురం బ్రేకు ఆఫీసు గేటు దాటి, ఎదురుగా చెట్టు కింద పాత సైకిలు కోసం వెతికాను. లేదు.

"బాబాయిగారు రావట్లేదాండీ?" అని టీ కొట్టాయన్ని అడిగాను.

"ఆయన పోయేరు కదండీ. మొన్న వానల్లో" అన్నాడు అతను, గ్లాసు కడుగుతూనే.

ఇంటికొచ్చి మా బావకి ఫోన్ చేసి తిట్టాను, నాకెందుకు చెప్పలేదని. "నాకూ ఆలస్యంగా తెలిసింది. దుఃఖంలో నీకు చెప్పడం మర్చిపోయాను" అన్నాడు. "వాళ్ళ వీధి మొదట్లో ఫ్లెక్సీ కట్టారు. కింద పేరు వేశారు. ఆ పేరు ఆయనదంటే నమ్మబుద్ధి కాలేదు."

"ఏం పేరు?"

"ఏమో, గుర్తులేదు" అన్నాడు మా బావ. నాకూ తెలుసుకోవాలనిపించలేదు. ఆయన మాకు ఎప్పుడూ బాబాయిగారే. బ్రేకు ఆఫీసు లోపలి గుమాస్తాలకీ, బయట లైసెన్సు కోసం వచ్చే కుర్రాళ్ళకీ, ఆయనకంటే పెద్దవాళ్ళకి కూడా బాబాయిగారే.

రవాణా ఆఫీసుని మా వైపు బ్రేకు ఆఫీసు అనే అంటాం. దాని ఎదురుగా బల్ల వేసుకుని బండ్ల కాగితాలు రాసిపెట్టడం ఆయన పని. పొట్టిగా, గుండ్రంగా, తెల్లచొక్కా పంచెతో ఉండేవారు. చొక్కా జేబు నిండా పెన్నులుండేవి గానీ వాటిలో ఒక్కటీ రాసేది కాదు. వచ్చినవాళ్ళ పెన్నే అడిగి తీసుకునేవారు, పని అయ్యాక దాన్ని మర్చిపోకుండా తన జేబులో పెట్టుకునేవారు. ఆయనకి సంతోషం వస్తే మాట ముందు రాదు. బల్లకి ఆనించి ఉన్న సైకిలు బెల్లు మోగుతుంది. టీ బాగుంటే ఒకసారి, పాత బండి ఏదైనా కంటపడితే గబగబా నాలుగైదుసార్లు. పక్కనున్నవాళ్ళు ఎవరైనా వస్తున్నారేమోనని తప్పుకునేవారు. తీరా చూస్తే సైకిలు నిలబడే ఉండేది.

"బండికి చక్రాలు ఎన్నండీ?" అని కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళనీ అడిగేవారు. నాలుగంటే తల అడ్డంగా తిప్పేవారు. స్టెప్నీతో కలిపి అయిదని తెలివిగా చెప్పినా తిప్పేవారు. "ఆరండీ! ఆరోది సీ బుక్కు. అది లేకపోతే మిగతా అయిదూ ఉన్నా లేనట్టేనండి." ఈ మాట చెప్పి తనే ముందు నవ్వేసేవారు.

మేం ఆయన దగ్గరికి వెళ్ళింది ఆ ఆరో చక్రం కోసమే.

మా బావ మస్కట్‌లో ఒక అరబ్బు ఇంట్లో కారు డ్రైవరు. ఆ ఏడాది సెలవు మీద వచ్చాడు. అక్క అప్పుడు మా ఇంట్లోనే ఉండేది. దాని కూతురికి నాన్నంటే గోడ మీది ఫోటో. "నాన్న దగ్గరికి వెళ్ళమ్మా" అంటే కుర్చీలో చేతులు చాచి కూర్చున్న మనిషిని దాటుకుని వెళ్ళి, ఫోటో కింద నిలబడి చేతులెత్తేది. మేం పడీపడీ నవ్వేవాళ్ళం. ఒకరోజు అలాగే నవ్వుతుంటే అక్క లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఎంతకీ బయటికి రాలేదు. మర్నాడు మా బావ, ఇంక మస్కట్ వెళ్ళను, ఇక్కడే ఒక కారు కొని టాక్సీ తిప్పుకుంటాను అన్నాడు.

అంబాజీపేటలో ఒక కొబ్బరి షావుకారుగారి పెద్దబ్బాయి దగ్గర తెల్ల అంబాసిడరు అమ్మకానికుందని తెలిసింది. మా బావ దాన్ని చూసిన తీరు చెప్తే అక్కకి కోపం వస్తుంది, పెళ్ళిచూపుల్లో తననైనా అలా చూడలేదని. ఉన్నదంతా ఊడ్చి పెట్టి కొనేశాడు. సీ బుక్కు ఏదండీ అంటే, "బీరువాలో ఉందండి. తాళం మా ఆవిడ దగ్గరుంది, ఆవిడ పుట్టింటికెళ్ళింది. రేపు పంపించేస్తాను" అన్నాడట ఆ పెద్దమనిషి. ఆవిడ పుట్టింటి నుంచి వచ్చింది. తాళం రాలేదు. తాళం వచ్చాక బీరువా తలుపు బిగుసుకుపోయింది. ఇలా ఒకటి తర్వాత ఒకటి అడ్డం వస్తూ వచ్చాయి.

బండి తన పేరు మీదికి మారితే తప్ప టాక్సీకి పర్మిట్టు రాదు. పర్మిట్టు రాకపోతే బండి పాకలో కోళ్ళకి పనికొస్తుంది. దసరా వెళ్ళిన రెండు వారాలకి మస్కట్‌కి తిరుగు టికెట్టు ఉంది. ఆ తేదీ దాటితే అక్కడి వీసా పోతుంది. ఇక్కడ బండి నడవక, అక్కడ ఉద్యోగం లేక ఏం చేస్తాడు? పేరు మారకపోతే విమానం ఎక్కక తప్పదు. అక్క ఆ టికెట్టు ఉన్న సూట్‌కేసుని కంటికి కనపడకుండా మంచం కిందికి తోసేసింది.

మేం బాబాయిగారి బల్ల ముందు నిలబడి మా బావ బండి నెంబరు చెప్పేసరికి ఆయన సాసర్లో టీ పోసుకుంటున్నారు. సాసరు అలాగే ఆగిపోయింది. బెల్లు ఆగకుండా మోగింది.

"ఆ బండా! ఎనక అద్దం మీద కొబ్బరిచెట్టు బొమ్మ ఉంటాది, అదేనాండీ?"

"ఆయ్" అన్నాడు మా బావ, ఆశగా.

ఆయన ఒక్క ఉదుటున రోడ్డు దాటి కారు దగ్గరికి వెళ్ళారు. చుట్టూ తిరిగి చూశారు గానీ చెయ్యి వెయ్యలేదు. "సీ బుక్కు లేదు కదండీ?" అన్నారు, మేం చెప్పకముందే. "మీకెలా తెలుసండీ?" అంటే చెప్పుకొచ్చారు.

షావుకారుగారికి ఇద్దరు కొడుకులు. ఆయన పోయాక పంపకాల్లో తోటలు తెగాయి, గొడౌను తెగింది, ఇల్లు తెగింది. కారు మాత్రం తెగలేదు. నాకంటే నాకని ఇద్దరూ పట్టుబట్టారు. అమ్మి పంచుకోమంటే నాన్నగారి బండి అమ్మడమా అని ఇద్దరూ ఏడ్చారు. చివరికి పెద్దమనుషులు కూర్చుని తేల్చారు. కారు అన్నకి, సీ బుక్కు తమ్ముడికి.

"అలా ఎవరైనా పంచుతారేంటండీ!" అన్నాడు మా బావ, ఒళ్ళు మండి.

"నేనే పంచేనండి" అన్నారు బాబాయిగారు.

మా బావ తల పట్టుకున్నాడు. నాకు మాత్రం ఆ క్షణంలోనే ఆయన మీద ఎక్కడలేని ఇష్టం పుట్టుకొచ్చింది.

"షావుకారుగారి కాగితాలన్నీ నేనే చూసేవోణ్ణండి, అందుకని నన్నూ కూర్చోబెట్టేరు. బుక్కు లేకుండా ఆయన బండి తిప్పలేడు, బండి లేకుండా ఈయన బుక్కేం చేసుకుంటాడు, వారం తిరక్కుండా కలిసిపోతారనుకున్నానండి. కలవలేదండి! ఏళ్ళు గడిచిపోయేయి, మాటల్లేవు. తిప్పని బండి తుప్పట్టిపోతందని చివరికి పెద్దాయన అమ్మకానికెట్టేరు. ఇన్నాళ్ళకి మీరు దొరికేరండీ!" అంటూ మా బావ చేతులు రెండూ పట్టుకుని ఊపేశారు. మా కొంప మునుగుతుంటే ఈయన సంబరమేమిటని మా బావ మొహం గంటుపెట్టుకున్నాడు.

బుక్కు షావుకారుగారి పేరునే ఉంది కాబట్టి వారసులిద్దరూ సంతకం చెయ్యాలి. పోయిందని ఒక ముక్క రాసిచ్చి కొత్త బుక్కు తీయించమని ఎవరో మా బావకి సలహా ఇచ్చారు. ఆ మాట అనేసరికి బాబాయిగారు చెవులు మూసుకున్నారు.

"పోలేదు కదండీ అల్లుడుగారూ! తమ్ముడిగారి దగ్గర నిక్షేపంలా ఉంది. బతికున్నోణ్ణి పట్టుకుని పోయేడని రాసెయ్యమంటారేంటండీ?"

అక్కడి నుంచి మా ఊరేగింపులు మొదలయ్యాయి. ఊరేగింపులని ఎందుకంటున్నానంటే, బాబాయిగారు ఆ కారెక్కరు. "బుక్కూ బండీ కలిసేదాకా ఎక్కనండి" అని భీష్మించుకున్నారు. షావుకారుగారు ఉన్నప్పుడు అందులో ముందు సీటు ఆయనదేనట. మరి దారి చూపించాలంటే ఎలా? ఆయన ముందు సైకిలు మీద, మేం వెనక కార్లో. మస్కట్ రోడ్ల మీద గాలిలా పోయిన మా బావ, ఇక్కడ సైకిలు వెనక రెండో గేరులో అంబాసిడరుని ఈడ్చుకుంటూ వెళ్ళాడు. ఇంజను వేడెక్కేది. దానికంటే ముందు మా బావ వేడెక్కేవాడు. అసలే అక్కడ రోడ్డుకి కుడివైపున నడిపిన అలవాటు కొద్దీ, మనసు ఎటైనా పోతే బండి కుడివైపుకి పోయేది. "ఏవండీ, ఎడం!" అని అక్క అరిచేది. రోడ్డు పక్క జనం పెళ్ళివారేమోనని ఆగి చూసేవారు. ఒక ముసలావిడైతే దేవుడి బండనుకుని దణ్ణం పెట్టింది. బాబాయిగారు సైకిలు మీంచే చెయ్యెత్తి దీవించారు.

తమ్ముడిగారు అంబాజీపేట వదిలి వెళ్ళి చాలాకాలమైందట. "అంతర్వేదిలో అత్తారింట్లో ఉన్నారండి, నాకు బాగా తెల్సు" అన్నారు బాబాయిగారు. అంత దూరం సైకిలు కుదరదు. ఆయన ఆర్టీసీ బస్సెక్కారు. ఖాళీ సీటుతో మా కారు ఆ బస్సు వెనకాలే వెళ్ళింది. ప్రతి స్టాపులోనూ ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి మేం ఉన్నామా లేదా అని చూసుకుని చెయ్యూపేవారు. కండక్టరు కూడా ఊపడం మొదలెట్టాడు.

తీరా వెళ్తే, అల్లుడూ అమ్మాయీ ముక్తేశ్వరంలో తోట కొనుక్కుని వెళ్ళిపోయారని అత్తగారు చెప్పింది. మా బావ బాబాయిగారి వైపు చూశాడు.

"అదేనండి నేను చెప్తుంది!" అన్నారు ఆయన, ఏమాత్రం తొణక్కుండా.

ఎలాగూ వచ్చాం కదా అని సముద్రానికి తీసుకెళ్ళారు. పంచె ఎగ్గట్టి మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, అల వచ్చినప్పుడల్లా అక్క కూతురితో సమానంగా కేకలు పెట్టారు. పని ఒక్కటీ కాలేదు. అయినా అంత హుషారుగా ఇంటికి తిరిగొచ్చిన రోజు నాకు ఇంకొకటి గుర్తులేదు.

ముక్తేశ్వరం మాత్రం సైకిలు వెనకే వెళ్ళాం. తమ్ముడిగారు తోట గట్టు మీద నుంచి కారుని చూసి చేతిలో పని వదిలేసి వచ్చారు. మమ్మల్ని పలకరించకుండానే వెనక అద్దం దగ్గరికి వెళ్ళి కొబ్బరిచెట్టు బొమ్మని వేలితో నిమిరారు. అది చిన్నప్పుడు ఆయన అంటించిందేనట.

"అన్నయ్య అమ్మేసేడాండీ?" అన్నారు. బాబాయిగారు అవునని తలూపారు.

మంచినీళ్ళిచ్చి, కూర్చోబెట్టి, చివరికి పూజ గదిలోకి తీసుకెళ్ళి చూపించారు. దేవుళ్ళ పటాల ముందు చిన్న పీట, పీట మీద పసుపు గుడ్డ, దాని మీద సీ బుక్కు. అట్ట రంగేమిటో తెలియనంత మందంగా కుంకం. నాలుగు మూలలా నాలుగు ఎండిపోయిన నిమ్మకాయలు.

"ఏటా దసరాకి వాహన పూజ చేస్తానండి" అన్నారు తమ్ముడిగారు. "బండికైతే చక్రాల కింద పెడతాం. దీనికి చక్రాలు లేవు కదండీ, మూలలకి పెట్టేను."

అక్క పైట నోట్లో కుక్కుకుంది. నేను బయటికి పరిగెత్తాను. మా బావ మాత్రం నవ్వలేదు. చెయ్యి చాస్తే అందేటంత దూరంలో ఉన్న ఆ పుస్తకాన్ని రెప్పవెయ్యకుండా చూస్తున్నాడు. అక్కడ అన్నగారు ఏటా ఉత్త కారుకి పూజ చేసేవారని మేం అప్పటికే విని ఉన్నాం.

"అన్నయ్యొచ్చి ఒక్క మాట అడిగితే ఇప్పుడే ఇచ్చేస్తానండి" అన్నారు తమ్ముడిగారు. అంబాజీపేట వెళ్తే, "నేను పెద్దోణ్ణండి. వాడు తెచ్చివ్వాలి గానీ నేను ఎల్లి అడగడమేంటండీ" అన్నారు అన్నగారు. ఇద్దరూ మర్యాదస్తులే. ఇద్దరూ మాకు కొబ్బరినీళ్ళు ఇచ్చారు. బుక్కు మాత్రం పీట దిగలేదు. బాబాయిగారు రెండూళ్ళ మధ్యా సైకిలు తొక్కుతూనే ఉన్నారు. దసరా దగ్గరికొచ్చేసింది. అక్క మంచం కింద నుంచి సూట్‌కేసు బయటికి లాగి, మా బావ చొక్కాలు మడతపెట్టడం మొదలుపెట్టింది. అప్పుడు నాకు నిజంగా భయం వేసింది.

ఆ సాయంత్రమే వీధిలో బెల్లు మోగింది. బాబాయిగారు సైకిలు దిగకుండానే కేకేశారు.

"దొరికిందండీ!"

"బుక్కాండీ?" అంటూ అందరం పరిగెత్తాం.

"బుక్కు కాదండి, ఉపాయం! ఆయనింటికి ఈయన ఎళ్ళడు, ఈయనింటికి ఆయన రాడు. మన ఇంటికి రావడానికేంటండీ? 'ఇన్నేళ్ళూ మీరు బండి లేకుండా సగం పూజ చేసేరు, మీ అన్నయ్యగారు బుక్కు లేకుండా సగం చేసేరు. ఈసారి అమలాపురంలో అల్లుడుగారి వాకిట్లో పూర్తి పూజండీ, పుణ్యం ఇద్దరికీ' అని చెప్పొచ్చేను. ఇద్దరికీ ఒకటే మాట, ఏదీ దాచలేదండి. అవతలాయన వస్తాడని కూడా చెప్పేను."

"ఏమన్నారండీ?" అంది అక్క.

"ఇద్దరూ ఏమీ అన్లేదండి. వద్దని అన్లేదు కదండీ!" అంటూ మళ్ళీ బెల్లు కొట్టారు.

విజయదశమి పొద్దున్నే కారు కడిగి, బంతిపూల దండ కట్టి వాకిట్లో పెట్టాం. ముందు అన్నగారొచ్చారు, సంచిలో నిమ్మకాయలతో. కాసేపటికి తమ్ముడిగారొచ్చారు. బుక్కుని పసుపు గుడ్డలో చుట్టి, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు గుండెకి ఆనించుకుని తెచ్చారు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. బుక్కు బానెట్ మీద పెట్టారు. అన్నగారు ముందు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. తమ్ముడిగారు వెనక చక్రాల దగ్గరికి వెళ్ళారు. బాబాయిగారు సైకిలు పట్టుకుని నిలబడ్డారు, బొటనవేలు బెల్లు మీదే ఉంది.

అంతా బాగానే ఉందనుకుంటుండగా కొబ్బరికాయ దగ్గర ఆగిపోయింది. ఎవరు కొట్టాలి? అన్నగారు చెయ్యి చాచారు. తమ్ముడిగారూ చాచారు. ఇద్దరూ చెయ్యి వెనక్కి తీసుకున్నారు. "పెద్దోణ్ణి నేను కదండీ" అన్నారు అన్నగారు గాల్లోకి. "బుక్కు తెచ్చింది నేను కదండీ" అన్నారు తమ్ముడిగారు, ఆయన కూడా గాల్లోకే. తమ్ముడిగారి చెయ్యి మెల్లిగా బుక్కు మీదికి వెళ్తోంది.

అప్పుడు మా అక్క అరుగు దిగి వచ్చింది. పైట నడుముకి దోపుకుంది. "మీ ఇద్దరి వంతులూ తేలేసరికి మా ఆయన విమానం ఎక్కేస్తారండీ! నా కూతురు మళ్ళీ గోడకి దణ్ణం పెట్టుకోవాలండీ!" అంటూ కొబ్బరికాయ తీసుకుని వాకిట్లో రాయి మీద ఫెడేలున కొట్టింది. కాయ రెండు చెక్కలైంది. నీళ్ళు చిమ్మి ఇద్దరు అన్నదమ్ముల పంచెలూ తడిశాయి.

మా ఇళ్ళలో ఆడవాళ్ళు కొబ్బరికాయ కొట్టరు. అందరం కొయ్యబారిపోయాం. అక్క కూడా చేతిలో చెక్కలు చూసుకుని బిక్కమొహం వేసింది.

అన్నగారు తడిసిన పంచె వైపు చూసుకున్నారు. తర్వాత పక్కకి తిరిగారు. "ఒరే, అచ్చు అమ్మలా లేదూ?" అన్నారు.

"ఆయ్" అన్నారు తమ్ముడిగారు.

అంతే. బెల్లు మోగడం మొదలైంది, ఎంతకీ ఆగలేదు. ఇద్దరూ నవ్వుతున్నారో ఏడుస్తున్నారో చెప్పలేను. నేనైతే ఏడ్చాను. "నాన్నగారి పేరు మీద కుంకం పడిపోయిందిరా, తుడు" అని అన్నగారంటే తమ్ముడిగారు కండువా అంచుతో తుడిచి ఆ పేరు పైకి చదివారు. బానెట్ మీదే సంతకాలు చేశారు. బాబాయిగారి జేబులో పెన్నులన్నీ వరసగా ప్రయత్నించి, చివరికి నా పెన్నుతో కానిచ్చారు. ఆ పెన్ను మళ్ళీ నాకు తిరిగి రాలేదు.

టికెట్టు తేదీ ఇంకా మిగిలుండగానే ఒక మధ్యాహ్నం బాబాయిగారు మా వాకిట్లో సైకిలు దిగారు. మా బావ పేరు రాసిన సీ బుక్కుని రెండు చేతులా అందించారు. అట్ట మీద కుంకం మరక ఎంత తుడిచినా పూర్తిగా పోలేదు. అక్క దాన్ని కళ్ళకద్దుకుని లోపలికి పరిగెత్తింది. సూట్‌కేసులోంచి చొక్కాలు తీసి మంచం మీద గిరాటెయ్యడం కిటికీలోంచి నాకు కనిపించింది.

బాబాయిగారు సైకిలుకి స్టాండు వేశారు. కారు ముందు తలుపు తీసి, చెప్పులు కిందే విడిచి, సీట్లో కూర్చుని, అక్క కూతుర్ని ఒళ్ళోకి తీసుకున్నారు.

"ఇన్నాళ్ళూ నా సైకిలెనకాల ఈడ్చేరు అల్లుడుగారూ. ఏదీ, ఇప్పుడు పోనియ్యండి చూద్దారి!"

మా బావ పోనిచ్చాడు. కాలువగట్టు రోడ్డు మీద అంబాసిడరు అంత వేగంగా పోగలదని నాకు తెలియదు. కిటికీల్లోంచి గాలి, పక్కన కాలువ, మీద కొబ్బరాకుల నీడలు. బాబాయిగారి పంచె ఎగురుతోంది, నోరు తెరుచుకునే ఉంది, కుడిచేతి బొటనవేలు గాల్లో బెల్లు కోసం నొక్కుతూనే ఉంది. అది చూసి మా బావ ఆయన చెయ్యి పట్టుకుని హారను మీద పెట్టాడు. ఇంక చూడండి. ముక్తేశ్వరం దాకా ఆ హారను ఆగలేదు.

"నాన్నా, ఇంకా!" అని అరిచింది అక్క కూతురు, పక్కనున్న మనిషి వైపు చూసి. "నాన్నా, ఇంకా, ఇంకా!"

మా బావ కళ్ళు తుడుచుకుంటూనే నడిపాడు. ఆ రోజు బండి ఒక్కసారి కూడా కుడివైపుకి పోలేదు.